మధ్య బొమ్మలు వేసిన చేతుల పేర్లు ఎక్కడ?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఇంట్లో దిగిన ఫొటోను ఫోన్‌కు అప్పగిస్తే నిమిషంలో జపాన్ కార్టూన్ సినిమాలోని బొమ్మలా మారి వస్తుందనీ, 2025 మార్చిలో మొదలైన ఆ వేలంవెర్రి ఇప్పుడు పెళ్లి పత్రికల దాకా పాకిందనీ మీ విలేఖరి చక్కగానే రాశారు. అయితే వ్యాసం చివర, చేత్తో బొమ్మలు గీసి సినిమా తీసే కాలం ముగిసిపోయిందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ పని మీద పదమూడేళ్లు బతికినవాణ్ని నేను. ముగిసిందో లేదో తేల్చే ముందు ఆ కాలం ఎలా గడిచిందో, అందులో కూర్చుని పనిచేసినవాళ్లు ఎవరో ఒకసారి చెప్పుకుంటే బాగుంటుందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడవు ఎక్కువైతే నా సొంత కథలో కత్తిరించండి. ఇతరుల పేర్లు వచ్చిన చోట మాత్రం కత్తెర వేయవద్దని మనవి.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు. మా నాన్న పెయింటర్. ఎరువుల కంపెనీల గోడ రాతలు, లారీల వెనక తామరపూలు, బడి గోడల మీద దేశపటాలు, ఎన్నికలు వస్తే గుర్తులు రాసేవాడు. ఆయన పక్కన రంగు డబ్బా పట్టుకుని నిలబడిన పిల్లవాడికి గీత అంటే భయం పోవడం సహజం. పదో తరగతి దాటాక మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాదు పోయే బస్సెక్కి, ఇంటర్ తర్వాత బొమ్మల చదువు చదివి, 1998లో ఒక యానిమేషన్ స్టూడియోలో ఇన్‌బిట్వీనర్‌గా, అంటే నడుమ బొమ్మలు వేసేవాడిగా, చేరాను. మొదటి నెల చేతికి వచ్చింది 2,200 రూపాయలు. ‘కార్టూన్లు గీస్తే జీతమిస్తరా?’ అని మా అమ్మ ఆశ్చర్యపోయింది. నాన్న మాత్రం ‘రోజుకు ఎన్ని?’ అని అడిగాడు. గోడకు ఇంత అని లెక్క కట్టే మనిషి కదా, పని అసలు సంగతి ఆయన ప్రశ్నలోనే ఉంది.

పాఠకులకు ఆ పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కంప్యూటరులో మీట నొక్కితే బొమ్మ నడుస్తుందనే అనుకుంటున్నారు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. చేతి బొమ్మల సినిమాలో సాధారణంగా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలుపుతారు కాబట్టి సెకనుకు 12 బొమ్మలు పడతాయి. గంటన్నర సినిమా అంటే ఒక్క పాత్ర తెర మీద ఉన్నా 64,800 బొమ్మలు. ఇద్దరు ఉంటే, ముగ్గురు ఉంటే లెక్క మీరే వేసుకోవచ్చు. వీటిలో కదలికకు మలుపులైన బొమ్మలను, అంటే చేయి ఎత్తడం మొదలైన చోటు, ఎత్తి నిలిచిన చోటు వంటివాటిని, పెద్ద యానిమేటర్ గీస్తాడు. వాటిని కీస్ అంటాం. కీ బొమ్మ అంచున నిచ్చెన మెట్ల లాంటి చిన్న చార్టు ఒకటి గీసి, ఈ రెండింటి నడుమ ఎన్ని బొమ్మలు రావాలో, అవి ఏ వైపుకు ఎంత దగ్గరగా జరగాలో గుర్తు పెడతాడు. ఆ నడుమ బొమ్మలన్నీ వేసేవాడు ఇన్‌బిట్వీనర్. కింద ట్యూబులైటు ఉన్న అద్దపు బల్ల ముందు కూర్చుంటాం. దాని అంచున మూడు మేకులున్న పెగ్ బార్ ఉంటుంది, కాగితానికి ఉన్న మూడు రంధ్రాలను ఆ మేకులకు తగిలిస్తే వంద కాగితాలైనా వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఎడమ చేతి వేళ్ల నడుమ నాలుగైదు కాగితాలు ఇరికించి టపటపా తిప్పుతూ, కదలిక జారుతోందా గెంతుతోందా చూసుకుంటూ, కుడి చేత్తో గీస్తూ పోవాలి. గెంతితే, పెన్సిలు బొమ్మలను వరసగా ఆడించి చూసే లైన్ టెస్టులో బయటపడుతుంది. అప్పుడు ఏ ఫ్రేముకు ఏ బొమ్మో రాసి ఉండే ఎక్స్‌షీటు మీద ఎర్ర పెన్సిలుతో రీటేక్, అంటే మళ్లీ గీయమని, రాసి తిరిగి పంపుతారు. మా రోజుల్లో రోజుకు ముప్పై, నలభై బొమ్మల కోటా ఉండేది. పాత్ర ఒంటి మీద చారల చొక్కా ఉంటే ఆ రోజు కోటా అందదు. చారల చొక్కాలు గీయించే దర్శకులను మేం ఎంత తిట్టుకున్నామో ఈ ఉత్తరంలో రాయలేను.

రెండు బొమ్మలకు సరిగ్గా నడుమ గీత గీయడం కొలబద్ద పని అనుకుంటారు. కాదు. తల తిరిగేటప్పుడు ముక్కు సూటిగా అడ్డంగా జరగదు, కొంచెం కిందికి వంగి విల్లులా తిరుగుతుంది. సరిగ్గా మధ్యలో గీత పెడితే తల తిరిగినట్టు కాక ముఖం పక్కకు జారినట్టు ఉంటుంది. ఇది లెక్కతో రాదు, చూసిన కంటితోనే వస్తుంది. మా బృందానికి ఒకసారి పల్లెటూరి దృశ్యం ఒకటి వచ్చింది. అందులో ఒక బర్రె పడుకున్న చోటి నుంచి లేవాలి. కీస్ వేసిన సీనియర్ నగరంలో పెరిగినవాడు, మంచి చిత్రకారుడు, గుర్రాల మీద ఎంతో సాధన చేసినవాడు. ఆయన బర్రెను ముందు కాళ్ల మీద ముందుగా లేపాడు. కాగితాలు నా బల్ల మీదికి రాగానే చేయి ఆగిపోయింది. గుర్రం ముందు కాళ్లు చాచి లేస్తుంది, నిజమే. కానీ ఆవైనా బర్రె అయినా ముందు మోకాళ్ల మీద బరువు మోపి మొదట వెనక భాగాన్ని లేపుతుంది, ఆ తర్వాతే ముందు కాళ్లు ఒక్కొక్కటిగా నిలబెడుతుంది. ఆ విషయం చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది, ఎందుకంటే ఇన్‌బిట్వీనర్ కీస్‌ను తప్పు పట్టకూడదు. చివరికి టీ తాగే వేళ ‘సార్, గట్ల లేవదు బర్రె’ అని ధైర్యం చేశాను. ఆయన పెద్ద మనసు, కోప్పడలేదు. ‘అయితే నువ్వే వెయ్యి’ అన్నాడు. నాలుగు సెకన్ల దృశ్యం, 48 బొమ్మలు, కీస్‌తో సహా అన్నీ నేనే వేశాను. నా ఉద్యోగ జీవితంలో మొదటి నుంచి చివరి దాకా నా చేతి కదలికే ఉన్న దృశ్యం అదొక్కటే.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పడం కష్టమే. మా మండలం నీళ్ల సంగతి ఈ జిల్లా పాఠకులకు చెప్పనక్కరలేదు. మా మేనత్తకు నలభై దాటకముందే, నీళ్లలోని ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌తో నడుము బిగుసుకుపోయి మోకాళ్లు వంగిపోయాయి. ఆమె నడిచేటప్పుడు తల కదిలేది కాదు. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పేది. ఆమె వెనక నడిచి పెరిగినవాణ్ని కాబట్టి నడక అంటే కాళ్లు మాత్రమే కాదనీ, బరువు ఏ ఎముక మీద పడి ఏ ఎముక మీదికి మారుతోందన్నదే నడక అనీ నాకు పుస్తకాలు చెప్పక ముందే తెలిసింది. ఒక ముసలి పాత్రకు నడక వేయమన్నప్పుడు మేనత్త నడకే వేశాను. ‘ఇంత అతి అవసరం లేదు, మామూలు ముసలామెను వెయ్యి’ అని సూపర్‌వైజరు తిప్పి పంపాడు. అతి ఏమీ లేదని ఆయనకు నేను చెప్పలేదు. మామూలు ముసలామెనే వేశాను.

ఆ మామూలు బొమ్మలు ఎక్కడికి పోయేవి? అమెరికా, కెనడా, ఐరోపా దేశాల టీవీ కార్టూన్లకు పోయేవి. కథ, పాత్రల రూపాలు, సంభాషణలు, దృశ్యాల పథకం అక్కడ తయారవుతాయి. చేతికి చేటు తెచ్చే లక్షల గీతల పని మాత్రం ఖర్చు తక్కువని ఆసియాకు వస్తుంది. ముందు జపాన్, తర్వాత తైవాన్, కొరియా, ఫిలిప్పీన్స్, ఆ తర్వాత మనం. పాలమూరు కూలీల గురించి తెలిసినవాడికి ఈ ఏర్పాటు అర్థం కావడానికి నిమిషం పట్టదు. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా తట్ట మోసింది పాలమూరు మనిషే అంటారు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారని, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారని మనందరికీ కంఠస్థం. ఆ రెండు తేదీల నడుమ పన్నెండేళ్ల పాటు యంత్రాల కంటే మనుషుల చేతులనే ఎక్కువగా నమ్ముకుని, రాయి మీద రాయి పేర్చిన కూలీల పేర్లు ఏ ఫలకం మీదా లేవు. నడుమ గీతలు గీసినవాళ్ల సంగతీ అంతే. ఎపిసోడ్ చివర పేర్లు వస్తాయి, మా వంతు వచ్చేసరికి స్టూడియో పేరు ఒక్కటే వస్తుంది, కొన్నిసార్లు అదీ రాదు.

ఇది మన ఒక్కరి గోడు కాదు, ఈ కళ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1914లో విన్సర్ మెక్‌కే అనే అమెరికా చిత్రకారుడు గెర్టీ అనే రాకాసి బల్లిని తెర మీద ఆడించాడు. దానికి దాదాపు పదివేల బొమ్మలు పట్టాయంటారు. అప్పటికి వెనక దృశ్యం మీద పరిచి పాత్రను మాత్రమే గీసే పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకు, అంటే సెల్, వాడుకలో లేదు. దానికి ఎర్ల్ హర్డ్ పేటెంటు దరఖాస్తు పెట్టిందే ఆ సంవత్సరం చివరలో. అందువల్ల వెనక ఉన్న రాళ్లు, చెట్లు, నీళ్లు కూడా ప్రతి కాగితం మీదా మళ్లీ గీయాల్సిందే. ఆ పని చేసింది జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే పొరుగింటి కుర్రవాడు. బల్లి కాలు ఎత్తిన ప్రతిసారీ ప్రేక్షకులు మెక్‌కేకు చప్పట్లు కొట్టారు. కదలకుండా నిలబడిన కొండ కోసం వేలసార్లు అవే గీతలు గీసిన కుర్రవాణ్ని ఎవరు తలచుకుంటారు? కొండ కదలకపోవడమే అతని పనితనం. ఒక్కసారి చేయి వణికినా కొండ వణుకుతుంది.

నాకు ఇంతకంటే దగ్గరి బంధువులా అనిపించే మనిషి టైరస్ వాంగ్. 1910లో చైనాలో పుట్టి, తొమ్మిదేళ్ల వయసులో తండ్రి వెంట అమెరికా చేరి, 1938లో డిస్నీ స్టూడియోలో ఇన్‌బిట్వీనర్‌గా కుదిరాడు. రోజంతా లైటు బల్ల మీద మిక్కీ మౌస్ నడుమ బొమ్మలు వేసి సాయంత్రానికి కళ్లు మండుతూ ఇంటికి పోయేవాడు. ఆ కళ్లమంట నాకు తెలుసు, చన్నీళ్లతో కడిగినా తగ్గదు. స్టూడియోలో బాంబీ అనే జింకపిల్ల సినిమా మొదలవుతోందని తెలిసి, ఇంటి దగ్గర రాత్రిళ్లు అడవి బొమ్మలు వేసి చూపించాడు. ఆకు ఆకునూ గీయకుండా, పొగమంచులో వెలుగు ఎక్కడ పడుతుందో అక్కడే రంగు ఉంచి మిగిలినదంతా వదిలేసే చీనా పద్ధతి అది. 1942లో విడుదలైన ఆ సినిమా అంతటికీ ఆ చూపే ఆధారమైంది. కానీ తెర మీద ఆయన పేరు నేపథ్య చిత్రకారుల వరుసలో ఒకటిగా మాత్రమే వచ్చింది; అప్పటికే ఆయన ఉద్యోగమూ పోయింది. 1941 మే 29న ఆ స్టూడియో కళాకారులు సమ్మెకు దిగారు. అగ్రశ్రేణి జీతం తీసుకునే ఆర్ట్ బాబిట్ అనే యానిమేటర్, తన కింద పనిచేసే సహాయకులకు, సెల్స్ మీద సిరా గీతలు దిద్దే ఆడవాళ్లకు ఇచ్చే జీతాలు అన్యాయమని సంఘంలో చేరి ఉద్యోగం పోగొట్టుకోవడం దానికి నిప్పు అంటించింది. వాంగ్ సమ్మెలో పాల్గొనలేదు. అయినా సమ్మె ముగిశాక జరిగిన ఏరివేతలో ఆయన్ను తీసేశారు. అదే సంస్థ 2001లో ఆయన్ను పిలిచి గౌరవించింది. 2016 డిసెంబరులో 106 ఏళ్ల వయసులో పోయాడు కాబట్టి ఆ గౌరవం అందుకోగలిగాడు. మామూలు ఆయుష్షు ఉన్నవాడికి అది కూడా దక్కేది కాదు.

మన దేశం సంగతికి వస్తే, 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో శిక్షణ ఇవ్వడానికి డిస్నీ నుంచి క్లేర్ వీక్స్ వచ్చాడు. ఆయన మిషనరీల బిడ్డ, మన దేశంలోనే పుట్టినవాడు, బాంబీకి పనిచేసినవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు 1957లో తయారుచేసిన చిత్రం జాతక కథల్లోని మర్రిచెట్టు జింక కథ. పాలమూరు పిల్లలమర్రి కింద జింకల పార్కు చూసినప్పుడల్లా నాకు ఆ చిత్రమే గుర్తుకొస్తుంది. మన ప్రాంతపు బడిపిల్లలకు ఆ చెట్టు కిందే దాన్ని వేసి చూపిస్తే ఎంత బాగుంటుందో అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ శిక్షణలో తేలినవాడే రామ్ మోహన్. ఆయన 1972లో సొంత స్టూడియో పెట్టి, యూనిసెఫ్ కోసం మీనా అనే పల్లె పిల్లకు రూపమిచ్చి, యూగో సాకో, కోయిచీ ససాకీలతో కలిసి జపాన్‌తో ఉమ్మడిగా రామాయణాన్ని చేతి బొమ్మల చిత్రంగా తీశారు. 2014లో పద్మశ్రీ అందుకుని 2019లో కన్నుమూశారు. ఆ రామాయణం 2025 జనవరిలో తెలుగులో కూడా థియేటర్లకు వచ్చింది. నేను హైదరాబాదు పోయి చూశాను. చివర పేర్లు వస్తున్నంతసేపూ కూర్చున్నది నాతో కలిపి నలుగురం. మిగిలినవాళ్లు పార్కింగుకు పరుగెత్తారు. 1974లో భీమ్‌సేన్ బొమ్మలతో, విజయా ములే దర్శకత్వంలో వచ్చిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ పాట మా తరం దూరదర్శన్ పిల్లలందరికీ నోటికి వచ్చు. వాళ్ల పేర్లు మాత్రం నేను స్టూడియోలో చేరాకే విన్నాను.

యంత్రం మా పని తీసుకోవడం కూడా కొత్త కాదు. 1961లో డిస్నీవాళ్లు 101 డాల్మేషియన్ కుక్కపిల్లల సినిమాకు గీతలను జిరాక్స్ యంత్రంతో సెల్ మీదికి ఎక్కించారు. సిరా గీతలు దిద్దే చేతుల అవసరం తగ్గింది. 1990 నాటికి అక్కడ రంగులు కంప్యూటరులో వేయడం మొదలై సెల్, కుంచె, కెమెరా మూడూ పక్కకు పోయాయి. మేం చేరిన నాటికి కాగితం, పెన్సిలు మాత్రం మిగిలి ఉన్నాయి. తర్వాత కొన్నేళ్లకు, పాత్రను కీళ్ల దగ్గర ముక్కలు చేసి తోలుబొమ్మలా తిప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. దానికి నడుమ బొమ్మలు అక్కరలేదు. మా విభాగంలో మొదట కోటా తగ్గింది, తర్వాత ఓవర్‌టైం పోయింది, తర్వాత ఉదయం వచ్చి పేపరు చదువుకుని పోయే రోజులు వచ్చాయి. 2011లో నేను బయటికి వచ్చి నల్లగొండలో ఫ్లెక్సీల దుకాణం పెట్టుకున్నాను. మా నాన్న గోడల మీద చేత్తో రాసిన పనిని ఈ ఫ్లెక్సీలే తినేశాయని తెలిసి కూడా పెట్టుకున్నాను. బతకాలి కదా.

అందుకే యంత్రాన్ని శత్రువుగా చూపించడం నా ఉద్దేశం కాదు. మన ఉమ్మడి జిల్లాలోనే దానికి మంచి సాక్ష్యం ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి పోచంపల్లి చీరకు ఆసు పోస్తూ, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ, ఒక్కో చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు చేయి ఆడించడం చూడలేక, ఏళ్ల తరబడి కష్టపడి ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రం తల్లి భుజం నొప్పి తీసింది. చీర మీద డిజైను మాత్రం ఇప్పటికీ నేత కుటుంబం చేతిలోనే ఉంది, రంగు పట్టకూడని చోట చిటికి కట్టే దారం వాళ్ల లెక్కలోనే ఉంది. చారల చొక్కా చారలు వేసే యంత్రం మాకెవరైనా ఇచ్చి ఉంటే దానికి దండ వేసి పూజ చేసేవాళ్లం. మీ వ్యాసంలోని ఫోన్ యంత్రం ఆ రకం కాదు. అది నొప్పి తీయడం లేదు; ఎవరో గీసిన లక్షల బొమ్మల నుంచి చూపును తీసుకుని, గీసినవాణ్ని మాత్రం బయటే నిలబెడుతోంది. ఏ జపాన్ స్టూడియో శైలి అని మీ వ్యాసం మురిసిపోయిందో, ఆ స్టూడియోలోనే 2013లో వచ్చిన ఒక సినిమాలో జనం గుంపు కదిలే నాలుగు సెకన్ల దృశ్యానికి ఏజీ యమమోరి అనే యానిమేటర్ ఏడాది మూడు నెలలు కూర్చున్నాడు. నా బర్రె కూడా నాలుగు సెకన్లే, తొమ్మిది రోజుల్లో ముగించాను. ఆయనతో పోల్చుకోవడం లేదు, నాలుగు సెకన్లంటే ఎంత పొడవో తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఇక నేను అడగదలచుకున్నది. ప్రభుత్వ సొమ్ముతో, అంటే మన పన్నులతో, తయారయ్యే ప్రతి యానిమేషన్ చిత్రానికీ, అది అరనిమిషం ప్రకటన అయినా సరే, పనిచేసిన చిత్రకారులందరి పేర్లూ తెర మీదో, కనీసం దాని వెంట ఉండే పత్రంలోనో నమోదు చేయాలన్న షరతు పెట్టాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం ప్రకటించింది. పెట్టుబడులకు, భవనాలకు చోటిచ్చిన చోట పేర్లకు కూడా ఒక వరుస చోటివ్వడం కష్టం కాదు. రెండోది కాగితాలు. నేను పనిచేసిన ఒక చోట, భవనం ఖాళీ చేసేటప్పుడు పదేళ్ల బొమ్మల కట్టలను పాత కాగితాల కింద తూకానికి అమ్మేశారు. కబురు తెలిసి నేను పోయేసరికి సగం లారీకి ఎక్కింది. కిలో పన్నెండు రూపాయల చొప్పున రెండు కిలోలు తిరిగి కొనుక్కున్నాను. నా బొమ్మలను నేనే కొనుక్కున్నందుకు దుకాణదారు నన్ను వింతగా చూశాడు. పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించి బతికించుకున్న ప్రాంతం మనది. నాలుగు బీరువాల కాగితాలకు చోటు చూపలేమా? పానగల్లు మ్యూజియంలో శిల్పాల పక్కన ఒక గది దొరికినా చాలు. హైదరాబాదు స్టూడియోల్లో పనిచేసి తిరిగొచ్చిన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వాళ్లు నాకు తెలిసే పదిహేడు మంది ఉన్నారు. ఒకరు జడ్చర్లలో నంబరు ప్లేట్లు రాస్తున్నారు, ఒకరు మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూస్తున్నారు. ప్రతివాళ్ల ఇంట్లోనూ అటక మీద ఒక కట్ట ఉంది.

నేను వారానికి రెండు రోజులు మా దగ్గరి ఉన్నత పాఠశాలలో జీతం లేకుండా బొమ్మలు నేర్పుతున్నాను. అక్కడ డ్రాయింగ్ టీచర్ లేరు. పోయిన నెల ఆ రెండు కిలోల కట్టను బడికి పట్టుకుపోయాను. అదృష్టం కొద్దీ అందులో నా బర్రె ఉంది. రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ కాబట్టి కాగితాల సంఖ్యలు 1, 3, 5 అంటూ 95 దాకా పోతాయి. వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూపించగానే తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కసారిగా ‘సార్, నడుమ ఎగిరింది’ అన్నారు. నిజమే, 33, 35, 37 సంఖ్యల కాగితాలు లారీలో పోయినట్టున్నాయి. సరిగ్గా బర్రె వెనక కాళ్ల మీద బరువు తీసుకునే చోటు. వాళ్ల ఇంట్లో రెండు బర్రెలున్న ఒక అమ్మాయి ఇంటికి పోయి పొద్దున్నే చూసి వచ్చి, కిటికీ అద్దానికి కాగితాలు ఆనించుకుని ఆ మూడూ వేసింది. 35వది నేను వేసిన దానికంటే నయంగా ఉందేమోనని నా అనుమానం. తోక విదిలింపు నాకు తట్టలేదు. మూడు కాగితాల వెనక ఆ అమ్మాయి చేతనే పేరు రాయించి కట్టలో పెట్టాను. మీ విలేఖరి ఎప్పుడైనా ఇటు వస్తే 48 కాగితాలూ తిప్పి చూపిస్తాను.

ఇట్లు,
ఒక మాజీ ఇన్‌బిట్వీనర్,
నల్లగొండ